ఇల్లు చూడ్డానికొచ్చిన ఇంటావిడ

పోయిన వారం ఆమెని తన ఇంటి గుమ్మం ముందే నిలబెట్టి వచ్చేశాం. ఒక మనిషిని వారం రోజులు అలా ఎండలో వదిలెయ్యడం తప్పే. అయినా కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని లోపలికి వెళదాం.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్ల చూపు పరీక్షించి, అద్దాలు ఫ్రేములో బిగించి ఇస్తుంది. భర్త బస్సు డిపోలో సూపర్‌వైజర్. ఒక్కగానొక్క కూతురు, నాలుగో క్లాసు పరీక్షలు కూడా రాయకుండానే జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత ఆయన ఆ ఇంట్లో ఉండలేకపోయాడు. డిపో పక్కన ఒక గది తీసుకుని, "ఇల్లు అమ్మేసెయ్. తర్వాత నువ్వెక్కడుందామంటే అక్కడే ఉందాం. ఆ గుమ్మం మాత్రం నేను తొక్కలేను" అన్నాడు. పాప పోయినప్పటి నుంచి ఆయన నోట పాప మాట రాలేదు. ఆమె ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆయన గుండె రాయి అని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. అయినా ఆ రాయితోనే కలిసి బతకాలని ఉంది ఆమెకి. ఇల్లు అమ్ముడుపోతే తప్ప అది జరిగేలా లేదు.

అమ్మిపెడతానని కుదిరినవాడు తాళాలాయన. అమ్మకానికున్న ఇళ్ల తాళాలన్నీ ఒకే గుత్తికి వేసుకుని, దాన్ని వేలికి తిప్పుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తితే "మీ పని మీదే ఉన్నాను మేడం" అంటాడు, వెనకాల క్యారంబోర్డు చప్పుడు వినపడుతూ ఉంటుంది. పేపర్లో వేయించిన ప్రకటనలో ఈ ఇంటికి బదులు పక్కింటి ఫోటో పడింది. ఇదేమిటని నిలదీస్తే, "ఆ ఇల్లు కొంచెం కళగా ఉంది కదా మేడం, ఆశపడి వస్తారు" అన్నాడు. మొదట్లో వచ్చినవాళ్లకి ఆమే ఇల్లు చూపించేది. చూపిస్తూ చూపిస్తూ పాప సంగతి ఎత్తేది, చెబుతూ చెబుతూ ఏడ్చేసేది. వచ్చినవాళ్లు ఆమెని ఓదార్చి, మంచినీళ్లు తాగించి, మళ్లీ ఆ వీధి మొహం చూసేవాళ్లు కాదు. "మీరు ఇంట్లో ఉంటే ఈ జన్మకి అమ్ముడుపోదు. తాళం నాకిచ్చేసి మీ పని మీరు చూసుకోండి" అని తాళాలాయన తాళం పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆ రోజు షాపులో కరెంటు పోయింది. అద్దాలు అరగదీసే మిషన్ ఆగిపోయింది, ఇంటికి వెళ్లమన్నారు. వచ్చేసరికి తన గుమ్మంలో ఎవరెవరివో చెప్పులు. వంటింట్లోంచి ఒక ఆడమనిషి గొంతు, నవ్వుతూ, "మా ఇల్లని చెప్పుకోవడం కాదు గానీ" అంటోంది. అక్కడే మనం ఆగిపోయింది.

లోపలికి రాగానే ఆమె చూపు ఆ మనిషి కాళ్ల మీద పడింది. తను ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు ఆవిడ తొడుక్కుంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆవిడ వెతుక్కోకుండా, చూడకుండా, పై అరలో రెండో వరసలోంచి పంచదార డబ్బా తీసింది. ఆ డబ్బా అక్కడుంటుందని సొంత ఆడపడుచుకి కూడా తెలియదు. కిటికీ దగ్గర ఒక జంట నిలబడి ఉంది. ఆయన బ్యాంకు ఉద్యోగిట, భార్య స్కూల్లో టీచరుట, తర్వాత మాటల్లో తెలిసింది.

తాళాలాయన ఆమెని చూసి తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. అయితే ఎంతసేపు? గుత్తి ఒక్కసారి తిరిగి వేలిమీద ఆగేసరికి తేరుకున్నాడు.

"రండి రండి. మీరూ ఇప్పుడే చూస్తానన్నారు కదూ. ఈవిడ కూడా ఇల్లు చూడ్డానికే వచ్చారండీ" అని ఆ జంటతో చెప్పి, ఆమె వైపు తిరిగి కళ్లతోనే కాళ్లావేళ్లా పడ్డాడు.

ఆమె నోరు తెరిచింది. అనాల్సినవన్నీ వరసగా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఇది నా ఇల్లు, అవి నా చెప్పులు, అసలు నువ్వెవరు, ముందు బయటికి నడవండి అందరూ. ఒక్కటి మొదలుపెడితే మిగతావి వాటంతటవే వచ్చేవి. సరిగ్గా అప్పుడే వంటింటి ఆవిడ టీ కప్పులు పట్టుకుని బయటికొచ్చింది.

"పాప గది కూడా చూసేద్దురు గాని రండి. డాన్స్ క్లాసుకి వెళ్లింది, వచ్చేస్తుంది. అది ఉంటే మిమ్మల్ని అందులోకి రానివ్వదు. పెద్ద ఆఫీసరండీ మా బుడంకాయ."

ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పాప ఉన్నట్టు, బయటికెళ్లినట్టు, కాసేపట్లో వచ్చేస్తున్నట్టు ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడి ఎంత కాలమైందో. అబద్ధమని తెలుసు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెబుతున్న పచ్చి అబద్ధం. అయినా ఆమె గుండె, సిగ్గు లేని గుండె, ఆ మాట వెనకే చిన్నపిల్లలా పరిగెత్తింది. ఆమె టీ కప్పు అందుకుంది. అందరితోపాటు తన కూతురి గది చూడ్డానికి వెళ్లింది.

ఆ గది తలుపు ఆమె ఎప్పుడూ మూసే ఉంచేది. పాప వస్తువులన్నీ బీరువాలో పెట్టి, తాళం వేసి, తీసి చూసే ధైర్యం లేక వదిలేసింది. ఇప్పుడు ఆ తలుపు బార్లా తీసి ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి. బల్ల మీద రంగు పెన్సిళ్లు, పక్కన ఒక స్కూలు బ్యాగు. బ్యాగు కొత్తది. ఆమె దగ్గరికెళ్లి పైనున్న పుస్తకం చేతిలోకి తీసుకుంది. అయిదో క్లాసు లెక్కల పుస్తకం. అట్ట ఎంతో పొందిగ్గా వేసి ఉంది, మూలలు లోపలికి మడిచి, బస్సు టైర్ల కంపెనీ క్యాలెండరు కాగితంతో. లోపలి పేజీలో పేరు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.

"గోడకి కాలు ఆనించకపోతే దానికి నిద్ర పట్టదండీ" అంటోంది ఆవిడ. "ఆ గోడ చూడండి, ఎన్ని సున్నాలు వేయించినా అక్కడ మాసిపోతూనే ఉంటుంది. పాలు నురగ ఉంటేనే తాగుతుంది. నురగ తగ్గిందంటే ఇవి నిన్నటి పాలని పేచీ."

టీచరమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆమె వైపు తిరిగింది. "మీకు పిల్లలున్నారా అండీ?"

మామూలు ప్రశ్న. ఇల్లు చూడ్డానికొచ్చిన ఇద్దరాడవాళ్లు ఒకళ్లనొకళ్లు అడిగే ప్రశ్నే. ఆమె పుస్తకం కింద పెట్టింది.

"ఒక పాప."

"తీసుకురాలేదే?"

"డాన్స్ క్లాసుకి వెళ్లింది" అంది ఆమె.

"భలే. అయితే రెండిళ్లకీ ఒకే టైం అన్నమాట" అని టీచరమ్మ ముచ్చటపడింది. తాళాలాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. వంటింటి ఆవిడ మాత్రం ఆ మాటకి ఎందుకో ఆగి, ఆమెని మొదటిసారి పరీక్షగా చూసింది.

నిజం చెప్పాలంటే పాప ఏ డాన్స్ క్లాసుకీ వెళ్లలేదు. చేరతానని ప్రాణం తీసేది. అయిదో క్లాసుకి వచ్చాక చేర్పిస్తామని ఇద్దరూ మాటిచ్చారు. రాత్రి భోజనాల దగ్గర ఇచ్చిన మాట అది, ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలిసే దారి లేదు. బుడంకాయ అన్న పేరూ అంతే. పొట్టిగా గుండ్రంగా ఉందని వాళ్ల నాన్న పెట్టిన ఆ పేరు బయటివాళ్ల ముందు పిలిస్తే పాప అలిగేది. అందుకని గడప దాటించేవాళ్లు కాదు.

బ్యాంకాయన నీళ్ల ట్యాంకు చూస్తానన్నాడు. తాళాలాయన ఆ జంటని మేడ మీదికి తీసుకెళ్లాడు. వాళ్ల అడుగుల చప్పుడు మెట్లు ఎక్కేదాకా ఆగి, ఆమె వంటింట్లోకి వెళ్లింది.

"బుడంకాయ అని మీకెవరు చెప్పారు?"

ఆవిడ కప్పులు కడుగుతోంది. కుళాయి కట్టేసింది. "మీరు..." అని, ఆమె మొహంలోకి చూసి, మాట పూర్తి చెయ్యకుండా కాళ్లకున్న చెప్పులు విప్పేసింది. విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుంది.

"మీరు ఇంటావిడా? నాకు తెలియదమ్మా. మీరు ఈ టైంకి రారని తమ్ముడు చెప్పాడు. మీ ఇల్లు అమ్మిపెట్టేవాడికి నేను అక్కని. పొద్దున పూట పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. బాగా మాట్లాడతావు, వచ్చినవాళ్ల ముందు కాసేపు ఇంటావిడలా ఉండు, నవ్వు మొహం ఉంటే ఇల్లు తొందరగా పోతుందన్నాడు. ఉత్త బుద్ధిలేనిదాన్ని, సరేనన్నాను."

"నేనడిగింది అది కాదు."

"మీవారే చెప్పారమ్మా."

ఆవిడ చెప్పులు నేలమీద పెట్టి, గొంతు తగ్గించింది.

"మొదట మా తమ్ముడు అడిగింది ఏ స్విచ్చి ఏ లైటుది, నీళ్లెప్పుడొస్తాయి, అంతే. ఆయన చెప్పారు. ఇంట్లో ఎవరెవరున్నారని చెప్పమంటారు అని నేనడిగాను. పాప ఉందని చెప్పండి అన్నారు. ఇంకంతే, ఆపలేదమ్మా. అది ఎలా పడుకుంటుంది, ఏం తింటుంది, దేనికి అలుగుతుంది. చెబుతూ చెబుతూ ఒక్కోసారి నవ్వేవారు కూడా. మర్నాడు మళ్లీ వచ్చారు. ఇప్పుడు డ్యూటీ దిగితే తిన్నగా మా ఇంటికే వస్తారు. ఇవాళ క్లాసులో ఏం నేర్పారు, ఎవరితో పోట్లాడింది, అన్నీ చెబుతారు. మొదట్లో నాకు భయమేసింది. పాపని పోగొట్టుకున్నారని తమ్ముడు ముందే చెప్పాడు కదా. తర్వాత్తర్వాత నేనే అడగడం మొదలెట్టాను, ఇవాళ ఏం చేసిందండీ అని. ఆ పుస్తకాలు ఆయనే కొన్నారు. అట్టలు మా ముందుగదిలో కూర్చుని ఆయనే వేశారు."

ఆమెకి ముందు ఏడుపు రాలేదు. అసూయ వచ్చింది, ఒళ్లు మండిపోయేంత అసూయ. ఇంకో ఆడమనిషి మీద మనసు పడ్డాడని తెలిసినా ఇంత కాలేది కాదేమో. ఈ మనిషికి తన కూతుర్ని పెంచి ఇస్తున్నాడు. క్లాసు దాటించాడు, డాన్సులో చేర్పించాడు, స్నేహితుల్ని ఇచ్చాడు. తను మాత్రం ఇక్కడ మూసిన గది బయట, జ్వరం దగ్గర ఆగిపోయిన పాపతో ఒంటరిగా కూర్చుంది.

"నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు" అంది. "పేరెత్తితే లేచిపోయేవాడు. రాయి అనుకున్నాను నేను."

"మీకు తెలుసు కదమ్మా పాప లేదని" అంది ఆవిడ మెల్లగా. "మీతో ఎలా చెబుతారు?"

అప్పుడొచ్చింది ఏడుపు. చప్పుడు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన వంటింట్లో, తన పొయ్యి దగ్గర, దొంగలా ఏడ్చింది. ఆవిడ దగ్గరికి రాబోయి, రావచ్చో లేదో తెలియక ఆగిపోయింది.

తాళాలాయన మెట్లు దిగి వచ్చేశాడు. ఆ జంట ఇంకా పైనే ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలూ చూసి, సంగతి బయటపడిందని గ్రహించి, గుత్తి జేబులో వేసుకున్నాడు. ఆయన చేతిలో గుత్తి లేకుండా ఆమె చూడ్డం అదే మొదలు.

"మేడం, తిట్టాలనుకుంటే తిట్టండి. కానీ వాళ్లు వెళ్లాక తిట్టండి."

"నా ఇల్లు నాకు తెలియకుండా నాటకాల కంపెనీ చేశారు."

"అమ్మిపెట్టమన్నారు. అమ్ముతున్నాను."

"ఇన్నాళ్లూ ఎందుకు అమ్మలేదు మరి? ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. ఎవరూ రావట్లేదన్నారు."

"చెప్పరా" అని అక్క గదమాయిస్తే తాళాలాయన చెప్పాడు.

"బేరం రెండుసార్లు కుదిరింది మేడం. సారే తిప్పి పంపేశారు. ఒకళ్లతో గోడలకి చెమ్మ అన్నారు, ఇంకొకళ్లతో ఎండాకాలం నీళ్లు రావన్నారు. అమ్మేవాడే ఇంటికి వంకలు పెడితే నేనేం చేసి చావను? మీతో చెప్పొద్దని నా చేతిలో చెయ్యి వేయించుకున్నారు. మీ ఫోన్ ఎత్తితే అబద్ధం చెప్పాలి. అందుకే ఎత్తేవాణ్ని కాదు."

ఆయన సంజాయిషీ ఆమె చెవిలో సగమే పడింది. చెమ్మ లేదు. నీళ్లు ఏ ఎండాకాలంలోనూ ఆగలేదు. ఇల్లు పోతే ఆ ముందుగదిలో కూర్చుని చెప్పుకోవడానికి ఆయనకి కారణం పోతుంది. కారణం పోతే పాప మళ్లీ పోతుంది. ఆమెకి అది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

"ఇవాళ మాత్రం పోగొట్టకండి మేడం" అన్నాడు తాళాలాయన. "వీళ్లు గట్టి మనుషులు. ఇంటాయనని కళ్లారా చూసి మాట్లాడి, ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చి వెళతామంటున్నారు. సార్ వస్తున్నారు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

ఆమె నమ్మలేదు. "ఆయన ఈ గుమ్మం తొక్కడు."

"నేనే అడిగానమ్మా" అంది అక్క. "మీ ఇంటికి మీరు రాలేకపోతే రాకండి, నేను రోజూ చెప్పే ఇంటికి రండి అన్నాను. పాప క్లాసు నుంచి వచ్చే టైంకి వస్తానన్నారు."

మేడ మీద మాటలు మెట్ల వైపు జరుగుతున్నాయి. తాళాలాయన చేతులు జోడించాడు. "కాసేపు ఎవరోలా కూర్చోండి. ఆయన మిమ్మల్ని చూస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతారు. మీకు ఇల్లు అమ్ముడుపోవాలి కదా?"

అమ్ముడుపోవాలనే కదా ఇన్నాళ్లూ తాళాలాయన చుట్టూ తిరిగింది. ఇప్పుడు పెదవి విప్పకుండా కూర్చుంటే చాలు, ఇల్లు పోతుంది, భర్త తిరిగొస్తాడు. వచ్చేది మాత్రం పాప పేరెత్తితే లేచిపోయే ఆ మనిషే. కూతుర్ని ఆ ముందుగదిలో వదిలేసి, ఖాళీ చేతులతో వస్తాడు. నోరు విప్పి నేనే ఇంటావిడనంటే బేరం చెడుతుంది, ఆయన పరువు పోతుంది, ఇక జన్మలో తన మొహం చూడకపోవచ్చు. ఆమెకి ఇల్లు గుర్తు రావడం మానేసింది. ఆయన పాప గురించి మాట్లాడుతుంటే వినాలి. ఒక్కసారైనా ఆ నవ్వు, ఆవిడ విన్న ఆ నవ్వు, తను వినాలి.

ఆమె హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుంది. టీచరమ్మ దిగుతూనే, "మాకైతే బాగా నచ్చిందండీ" అంది. ఆమె పక్కన సోఫాలో కూర్చుని చనువుగా మోచెయ్యి తాకింది. "మీరేమంటారు? మీకూ మనసు పడితే ఇప్పుడే చెప్పెయ్యండి, పోటీ పడి బాధపడొద్దు. పాప ఉన్నవాళ్లు, మీకే బాగుంటుందేమో ఇల్లు."

"ఇంటాయన్ని రానివ్వండి" అంది ఆమె.

బయట గేటు చప్పుడైంది. అడుగులు వాకిట్లోకి వచ్చి, గుమ్మం ముందు ఆగాయి. చెప్పులు విడిచే చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. గది లోపలికి తిరిగి ఉన్న సోఫాలో ఆమె గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. గోడ అవతల నిలబడ్డ మనిషి ఆ గుమ్మంతో ఎంత పెనుగులాడుతున్నాడో ఆ గదిలో ముగ్గురికి తెలుసు, ఇద్దరికి తెలియదు.

అప్పుడు ఆయన గొంతు వినపడింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మనిషి గొంతులా తెచ్చిపెట్టుకున్న గొంతు.

"బుడంకాయ వచ్చిందా?"

అక్క అలవాటుగా జవాబు చెప్పబోయింది. ఆమె చెయ్యెత్తి ఆపింది. లేచి నిలబడి, గుమ్మం వైపు తిరక్కుండానే, తన గొంతుతోనే చెప్పింది.

"ఇంకా రాలేదండీ. లోపలికి రండి. ఇవాళ అది ఏం చేసిందో నాకు కూడా చెబుదురు గాని."

గుమ్మంలో ఆయన గోడ పట్టుకున్న చప్పుడైంది.